అలకపాన్పు మీద చిలుక

గోదావరి జిల్లాల వాళ్లం మర్యాద చేసి మనుషుల్ని చంపేస్తామని బయట ఒక మాట ఉంది. అందులో అబద్ధం ఏమీ లేదు. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడి ముందు వందకు పైగా వంటకాలు పరిచి, ఫొటో తీసి, పేపర్లో వేయించుకోవడం భీమవరం, నరసాపురం వైపు ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ ఫొటోలో అందరూ వంటకాలు లెక్కపెడతారు తప్ప అల్లుడి మొహం చూడరు. నేనూ చూసేవాణ్ణి కాదు. మా ఇంటికి చిలుక వచ్చాకే ఆ మొహం నాకు అర్థమైంది.

చిలుక అంటే రామచిలుక కాదు, ముందే చెప్పేస్తున్నాను. రామచిలుకను పంజరంలో పెట్టడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం కంటే చాలా ముందే మా అమ్మ ఒప్పుకోలేదు. పూర్వజన్మలో చిలుకను పన్నెండేళ్లు బంధించినందుకే భద్రాచలం రామదాసు గోల్కొండలో పన్నెండేళ్లు ఖైదు పడ్డాడన్న కథ ఆవిడ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మాది సన్ కాన్యూర్. ఒళ్లంతా పసుపూ నారింజా కలిపి పూసినట్టుండే దక్షిణ అమెరికా పక్షి. మా బావమరిది కొడుకు ఉద్యోగానికి కెనడా పోతూ దీన్ని మాకు దత్తత ఇచ్చాడు. పంజరంతో పాటు కాగితాలు కూడా అప్పగించాడు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ పక్షుల్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారితే అదీ చెప్పాలి. మా కొబ్బరితోట పాసుపుస్తకంలో నాన్న పేరు ఇప్పటికీ ఒక అక్షరం తప్పే. చిలుక రికార్డు మాత్రం శుభ్రంగా ఉంది.

దాని పేరు సన్నీ. మా అమ్మ తొలిరోజే సన్నిబాబు చేసేసింది.

ఆ రోజు జరిగిన మర్యాద చెప్పాలి. వీధి వీధంతా వచ్చింది. ఒకరు అరటిపండు, ఒకరు కొబ్బరి ముక్క, ఒకరు తాపేశ్వరం కాజా. ఇంకొకాయన ఆత్రేయపురం పూతరేకు తెచ్చి, దానికి జీఐ ట్యాగ్ ఉందన్న గౌరవం కూడా లేకుండా ఊచల మధ్య నుంచి కుక్కబోయాడు. వచ్చినవాళ్లంతా మొహం పంజరానికి ఆనించి, లోపల వేలు పెట్టి, "ఏం బాబూ, మాట్లాడవే? మా ఊరు నచ్చలేదా?" అన్నారు. బాబు ఈకలన్నీ ఒంటికి అతికించుకుని, సన్నగా పుల్లలా అయిపోయి, వెనక మూలకి జరిగాడు. తర్వాత ఒక కేక పెట్టాడు. చూస్తే నూరు, నూట పాతిక గ్రాములకు మించని పక్షి. ఆ కేకకి కాలవ అవతలి గట్టు మీద బట్టలుతుకుతున్న వాళ్లు చేతిలో పని ఆపారు. పందానికని బాదంపప్పు పెట్టి పెంచుతున్న పక్కింటి పుంజు ఆ సాయంత్రం మళ్లీ కూయలేదు.

కెనడా నుంచి ఫోన్లో సలహాలు మొదలయ్యాయి. చిలుక వేటాడే జీవి కాదు, వేటకి బలయ్యే జీవి. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, నలువైపులా ప్రమాదం కనిపెట్టడానికి. నేరుగా కళ్లలోకి చూస్తూ, పళ్లు బయటపెట్టి నవ్వుతూ, చెయ్యి చాపుకుంటూ మీదికొచ్చేవాడు దాని లెక్కలో డేగకి తమ్ముడు. ఇది నాకు వెంటనే బోధపడింది. ఎన్నికలప్పుడు మేమూ అరుగు మీద నుంచి ఇలాగే లోపలికి జరుగుతాం.

మా బాబాయి మాత్రం ఈ సిద్ధాంతాన్ని కొట్టిపారేశాడు. "రెండు రోజులు గింజలు ఆపరా, అదే కాళ్ల దగ్గరికొస్తుంది" అన్నాడు. కౌలు రైతుల విషయంలో కూడా ఆయనది ఇదే పద్ధతి. ఆయన చెరువు ఏడాదికొకరు చేస్తారు, రెండో ఏడు ఎవరూ రారు.

ఇంట్లో చట్టాలు మారాయి. పిల్లల పదో తరగతి పరీక్షలకి కూడా ఆగని టీవీ రాత్రి ఏడింటికల్లా ఆగిపోయింది, సన్నిబాబుకి పది పన్నెండు గంటల నిద్ర కావాలి కనుక. నాన్‌స్టిక్ పెనం బాగా కాలితే వచ్చే పొగకి పక్షులు చచ్చిపోతాయట, అందుకని పెసరట్టు మళ్లీ ఇనప పెనం మీదికి వచ్చింది. నా ఆస్తమా కోసం వీధివైపు కిటికీ మూయమని పదేళ్లుగా అడుగుతున్నాను, ఆ కిటికీ ఇప్పుడు మూశారు, చిలుకకి గాలి తగులుతోందని. ఒక్క విషయంలోనే పరువు దక్కింది. పక్షులకి మిరపకాయ కారం తెలియదు. సన్నిబాబు పచ్చిమిర్చిని దోసకాయలా నమిలేస్తుంటే చూసి, వాళ్ల వైపు గుంటూరు సంబంధం ఏదో ఉందని మా అమ్మ తేల్చేసింది.

అయినా బాబు అలకపాన్పు దిగలేదు. అల్లుడు అలిగితే బండో, ఉంగరమో అడుగుతాడు, పెద్దమనుషులు కూర్చుని ఎక్కడో ఒకచోట తెంపుతారు. వీడు ఏమీ అడగడు. ఉయ్యాల కట్టాం, గంట కట్టాం, అద్దం పెట్టాం. పై కొమ్మ మీద, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మూడు వారాలు.

చివరికి నెగ్గింది మా అమ్మ, అదీ తెలియకుండా. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు, అందువల్ల ఆ కేకలతో ఆవిడకి పేచీ లేదు. రోజూ మధ్యాహ్నం అరుగు మీద పంజరం పక్కన పీట వేసుకుని, అటు చూడకుండా, చింతపండులో గింజలు తీస్తూ, కోడలి మీద నేరాలన్నీ మెల్లిగా చెప్పుకుంటుంది. లేచేటప్పుడు ఒక కొర్ర కంకి ఊచలకి గుచ్చి పోతుంది. మొదట్లో ఆవిడ వెళ్లాక తినేవాడు. తర్వాత ఆవిడ ఉండగా తిన్నాడు. నాలుగో వారానికి, మా ఆవిడ మీద ఫిర్యాదుల ముఖ్యమైన ఘట్టాల్లో కిందికొమ్మకి దిగి, తల పక్కకి వంచి వింటున్నాడు.

నాకు రోషమొచ్చింది. పీట నేను వేసుకున్నాను. పేపర్ చదువుతూ, కంకి చివర పట్టుకుని ఊచల దగ్గర పెట్టి, దిక్కులు చూశాను. పావుగంటకి కంకి కొంచెం బరువెక్కింది. కంటి చివర్నుంచి చూస్తే బాబు కాళ్లు వెనక ఊచనే పట్టుకుని ఉన్నాయి, రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి, బిగించి. ఒళ్లు మాత్రం రబ్బరులా సాగి, ముక్కు నా వేలికి అంగుళం దూరంలో ఉంది. ఒక గింజ తీశాడు. నల్ల నాలుకతో తిప్పాడు. పొట్టు వచ్చి నా బొటనవేలి మీద పడింది.

అక్కడ ఆగాలి. కానీ నేను ఈ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. "ఇంకొంచెం తినండి బాబూ, ఏమీ తినలేదు!" అంటూ కంకి లోపలికి తోశాను.

వేలికి కట్టు రెండు రోజులుంది. బాబు పై కొమ్మ నుంచి దిగడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మా అమ్మ నన్ను అరుగు మీదికి రానివ్వలేదు.

ఈ సంక్రాంతికి మా కొత్త అల్లుడు వస్తున్నాడు. మా ఆవిడ వంటకాల జాబితా రాస్తోంది, నిన్న రాత్రికి ఎనభై దాటాయి. నేను గొంతు సవరించుకుని, "ఒక పని చేద్దాం. ఆ అబ్బాయి పక్కన పీట వేసుకుని, ఏదో ఒకటి దగ్గర పెట్టి, మనం అటు చూడకుండా చింతపండు ఒలుచుకుందాం" అన్నాను.

మా ఆవిడ పెన్ను ఆపి, రెండు కళ్లతో, నేరుగా నా వైపు చూసింది. నేను మెల్లిగా మంచం వెనక మూలకి జరిగాను.