తడిగుడ్డతో గొంతు కోసిన డ్రైయర్ గారికి

మేడమీద లాండ్రీ గదిలో కొలువైన, బట్టలారబెట్టే డ్రైయర్ గారికి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం తడిగా ఉన్నాము. అక్కడ తమరు పొడిగా ఉన్నారని తలుస్తాను.

శుక్రవారం రాత్రి తొమ్మిదికి ఆరు టవళ్ళు, రెండు దుప్పట్లు, మా అమ్మ నేత చీర ఒకటి తమకు అప్పగించాను. టైమ్డ్ డ్రై, హై హీట్, 70 నిమిషాలు. తమరు గుడగుడమని బయల్దేరారు. అంకెలు ఒక్కొక్కటే తగ్గాయి. పది దాటాక, పని ముగిసిందని పాట కూడా పాడారు. తలుపు తీసి చెయ్యి పెడితే, అప్పుడే చెరువులోంచి లేచొచ్చిన గేదె వీపులా చల్లగా తగిలింది టవలు.

నాదే పొరపాటనుకున్నాను. పెద్దల్ని అనుమానించడం మా ఇంటావంటా లేదు. పిల్లలెవరైనా మీట ‘ఎయిర్ ఫ్లఫ్’ మీదికి తిప్పారేమో చూశాను. అది పెడితే తమరు వేడి లేకుండా ఉత్తగాలితో తిప్పుతారు కదా. తిప్పలేదు. బట్టల పీచు పట్టే లింట్ జాలీ లాగి చూశాను, శుభ్రంగానే ఉంది. మళ్ళీ 70 నిమిషాలు. మళ్ళీ పాట. మళ్ళీ గేదె.

నాకు ఒళ్ళు మండింది తమరు పాడైనందుకు కాదండీ. పాడవని వస్తువు ఏముంది? మిక్సీ పాడైతే కాలిన కంపు కొట్టి చెబుతుంది. ఫ్రిజ్ పాలు విరిచి చెబుతుంది. గ్రైండరు కదలనని భీష్మించుకు కూర్చుంటుంది. తమరొక్కరే పని మానేసి, పని చేస్తున్నట్టు రెండు గంటల ఇరవై నిమిషాలు గానుగెద్దులా తిరిగి, రెండుసార్లు మంగళం పాడారు. ఆగిపోయి ఉంటే రాత్రి పదికే దుప్పట్లు తీసి కుర్చీల మీద పరుచుకునేదాన్ని. తమరి చప్పుడు వింటూ, పాపం కష్టపడుతున్నారని నమ్మి మెలకువగా కూర్చున్నాను.

అమ్మ తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. నెమ్మదిగా మెట్లెక్కి వచ్చి, తమ పొట్టలో చెయ్యి పెట్టి, “ఒక ఫేజు పోయిందేమోనే” అంది. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. పొలానికి త్రీఫేజ్ కరెంటు ఇచ్చే గంటలు దాటాక ఇంట్లో బల్బు వెలుగుతుంది గానీ బోరు మోటారు కదలదని ఆవిడకు తెలుసు. ఇక్కడ కథ తిరగబడింది, అంతే. మన దగ్గర ఒక్క తీగలోనే 230 వోల్టులు వస్తాయి. అమెరికాలో మీ బోటి వాళ్ళకు 120 చొప్పున రెండు తీగలు కలిపి 240 ఇస్తారు. మోటారుకూ దీపాలకూ ఒక్క తీగ చాలు. వేడి పుట్టించే కాయిల్‌కు రెండూ కావాలి. ఒకటి పోయినా తమరు తిరుగుతారు, వెలుగుతారు, పాడతారు. వేడెక్కరు.

గరాజ్‌లోకి దిగి, కరెంటు పెట్టె తెరిచి, తమ పేరు రాసున్న 30 ఆంపియర్ల జంట బ్రేకరును పూర్తిగా ఆపి మళ్ళీ వేశాను. లాభం లేదు. ఈసారి 20 నిమిషాలే ఇచ్చాను. అయినా పాడారు.

శనివారం ఉదయం రిపేరు వాళ్ళను పిలిచాను. గుమ్మం తొక్కడానికే 99 డాలర్లు, ముందే కట్టాలి. ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య వస్తామన్నారు. పూజ గదిలోకి వెళ్తే బెల్లు వినబడదేమోనని దీపం కూడా అమ్మ చేతే పెట్టించి, ముందు గదిలో కుర్చీ వేసుకుని గుమ్మానికి కాపలా కాశాను. పన్నెండూ పదికి మెసేజ్ వచ్చింది: “వచ్చాం, తలుపు తట్టాం, ఎవరూ లేరు.” ఆ తలుపుకు ఇవతల వైపు నా ముక్కు ఉందండీ! వాళ్ళ సంగతి వేరే ఉత్తరంలో చూస్తాను. ఈ 99 మాత్రం నీ ఖాతాలోనే రాశాను.

అవును, ‘నీ’ అన్నాను. మర్యాద ఇంతవరకే. తడిసి మోపెడైన ఖర్చు నాది, ఆరింది లేదు, తీరింది లేదు. నీ మొహం మీద చూస్తే బెడ్డింగ్ అట, డెలికేట్స్ అట, యాక్టివ్‌వేర్ అట. ఆరిందాలా ఇన్ని కబుర్లు చెబుతావే, ఆరిందా అంటే మాత్రం జవాబుండదు!

ఇంకో సంగతి. గోడకు అవతల, నీకు నాలుగడుగుల దూరంలో, 104 డిగ్రీల ఎండ ఊరికే కాలిపోతోంది. మన లెక్కలో 40. డాలస్ జూలై అంటే ఏమిటనుకున్నావు? వడియాలు పెడితే సాయంత్రానికి డబ్బాలోకెత్తుకోవచ్చు. కానీ కంచె మీంచి కనబడేలా దండెం కట్టకూడదని మా కాలనీ అసోసియేషన్ పుస్తకంలో రాసుంది. “బట్టలారేసుకోవడం నామర్దా ఏమిటే?” అని అమ్మ అడుగుతుంది. ఏం చెప్పను? నిన్ను ఉతికి ఆరేద్దామన్నా ఈ ఊళ్ళో ఆరేసే చోటు లేదు.

మధ్యాహ్నం నేనే దిగాను. ప్లగ్గు పీకేసి, నిన్ను ముందుకు లాగి, వెనక రేకు విప్పాను. మల్టీమీటరు మా ఆయన ఎప్పుడో కొని, సీలు కూడా తియ్యకుండా దాచుకున్నది. ముందు కాయిల్ చూశాను. పది ఓముల చిల్లర చూపించింది, అంటే బాగానే ఉంది. దాని పెట్టె పక్కనే, అర్ధ రూపాయి బిళ్ళంత ఒక థర్మల్ కటాఫ్. రెండు కొసల మీదా ముళ్ళు ఆనించాను. కరెంటుకు దారి ఉంటే మీటరు కూత పెట్టాలి. పెట్టలేదు. తుడిచి మళ్ళీ ఆనించాను. చప్పుడు లేదు.

దొరికింది.

నీ సంసారంలో నిజాయితీ ఉన్నది ఆ బిళ్ళ ఒక్కటే. లోపల వేడి హద్దు మీరితే తెగిపోవడమే దాని పని. ఒకసారి తెగితే మళ్ళీ అతకదు, కొత్తది వెయ్యాల్సిందే. ఇంటికి నిప్పంటకుండా అది ప్రాణం ఇచ్చింది. నువ్వేం చేశావు? దాని శవం పక్కనే పాట పాడావు! నీ మోటారులో ఒక స్విచ్చు ఉందట, అది తిరుగుతుంటేనే కాయిల్‌కు కరెంటు వెళ్ళనిస్తుందట. తిరక్కుండా కాలడానికి నీకు అనుమతి లేదు, సరే, మంచి ఏర్పాటే. మరి కాలకుండా తిరగడానికి అడ్డెందుకు పెట్టలేదు నిన్ను చేసినవాళ్ళు? 240 వోల్టులు తాగేవాడికి ఒక్క ఎర్ర దీపం బరువైందా? ‘వేడి రావడం లేదమ్మా’ అని ఒక్క ముక్క. పాటకు రాగం కట్టిన తీరిక ఉంది గానీ, ఆ ఒక్క ముక్కకు లేకపోయింది రా నీకు!

ఇంకా తిట్టేదాన్నే. రేకు మళ్ళీ బిగిద్దామని వంగినప్పుడు గొట్టం కనబడింది.

వెనకనుంచి గోడలోకి వెళ్ళే నాలుగంగుళాల గొట్టం. సన్నటి రేకుది, అకార్డియన్‌లా ముడుచుకునేది. నీ వీపుకూ గోడకూ మధ్య అప్పడంలా నలిగి ఉంది. కిందటి నెల సోనా మసూరి బస్తాలు రెండు సరిపోవడానికి నిన్ను గోడకు నొక్కింది మా ఆయన. తొయ్యమన్నది నేను. ఊపిరాడక, వేడి బయటికి పోయే దారి లేక, లోపలే మగ్గి బిళ్ళ తెగిందన్నమాట. పైగా ఆ గొట్టం గోడలోంచి రెండు మలుపులు తిరిగి కప్పు మీదికి వెళ్తుంది. మామూలు బిల్డింగ్ కోడ్ ప్రకారం 35 అడుగులు దాటకూడదు, ఒక్కో మలుపుకు ఐదడుగులు తగ్గించుకోవాలి. అంటే మాకు మిగిలింది 25. మా కప్పు దాకా ఎన్నో కొలవలేదు. కొలిస్తే ఇల్లు కట్టినవాళ్ళకూ ఉత్తరం రాయాల్సొస్తుంది.

చెయ్యి పెట్టి లాగితే బూడిదరంగు పీచు చేటెడు వచ్చింది. అమ్మ వేళ్ళ మధ్య నలిపి చూసి, “ఇంత దూది పారేస్తారా? వత్తులు చేసుకోవచ్చుగా” అంది. సగం పాలియెస్టరమ్మా అన్నాను గానీ, మాట గొంతులోనే ఆగింది. ఈ దేశపు ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్క నాకు గుర్తుంది: 2008 నుంచి 2010 వరకు ఇళ్ళల్లో ఏటా దాదాపు 2,900 డ్రైయర్ అగ్నిప్రమాదాలు. మూడోవంతుకు కారణం శుభ్రం చెయ్యకపోవడమే. మేం నెల రోజులుగా నీ ముక్కులో వత్తులు కుక్కుతూనే ఉన్నామన్నమాట. ఆ బిళ్ళ తెగకపోతే దీపం కూడా నువ్వే పెట్టేవాడివి.

కటాఫ్, దాని జతగా వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్ కలిపి ఇరవై చిల్లర డాలర్లు. మంగళవారం వస్తాయట. ఈలోపు అమ్మ గరాజ్‌లో షెల్ఫుకూ నిచ్చెనకూ మధ్య నైలాన్ తాడు బిగించింది. మూసిన గరాజ్ పొయ్యిలా ఉంది. నేత చీర ముప్పావు గంటలో పెళపెళలాడింది. కాలనీ వాళ్ళు చూడలేదు, బిల్లూ లేదు. నువ్వు వింటున్నావనే కాస్త గట్టిగా చెబుతున్నాను.

గోడకు ఆరంగుళాలు దూరంగా నిలబెట్టాను నిన్ను. గట్టి రేకు గొట్టం కూడా తెప్పిస్తున్నాను. బస్తాలు కిందికి దించించాను. క్షమాపణ అనుకుంటే అనుకో.

ఇట్లు,
తడి టవలుతోనే మొహం తుడుచుకుంటున్న
నీ యజమానురాలు

తా.క.: బుధవారం. బిళ్ళ మార్చాను. 70 నిమిషాల తర్వాత నువ్వు పాట అందుకోగానే అమ్మ వంటింట్లోంచి “ఆరిందా?” అని అరిచింది. వేడివేడి టవల్లో మొహం పెట్టుకుని ఉన్నాను, వెంటనే జవాబు చెప్పలేదు. గరాజ్‌లో తాడు విప్పనంది అమ్మ.