మాలలో ఆగిన సిగరెట్ మాల తీశాక ఎందుకు అంటుకుంటోంది?

కడపలో రోజుకు ఒక పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి కూడా అయ్యప్ప మాల వేసుకున్నాడంటే 41 రోజులు వాటి జోలికి పోడు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లు సహరీ నుంచి ఇఫ్తార్ దాకా పొగ లేకుండానే పనులు చేసుకుంటారు. పండుగ అయిపోయాక, మాల తీశాక చాలామంది మళ్లీ అంగడి ముందు నిలబడతారు. "వాడికి మనసు గట్టిది కాదు" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఈ తీర్పు అన్యాయం. 41 రోజులు ఆపుకున్నవాడికి మనోబలం లేదని ఎట్లా అంటాం?

పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే పొగాకులో ఉండే, అలవాటు పట్టించే నికోటిన్ మెదడుకు చేరుతుంది. మానేసిన మొదటి వారం అది అందక చిరాకు, టెన్షన్, నిద్రపట్టకపోవడం ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవి చాలావరకు తగ్గుతాయి. అంటే మాల తీసేనాటికి శరీరం పడే బాధ దాదాపు తీరిపోయి ఉంటుంది. తీరనిది అలవాటు. టీ తాగినా, అన్నం తిన్నా, బస్టాండులో ఎదురుచూస్తున్నా, ఇంట్లో మాటా మాటా పెరిగినా చేయి జేబులోకి పోతుంది.

దీక్షలో ఈ సందర్భాలన్నీ మారిపోతాయి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, మంచి చెడ్డా కనుక్కునే గురుస్వామి. అందరూ "స్వామీ" అని పిలుస్తారు, ఒక్కరూ సిగరెట్ ఇవ్వరు. మాల తీసిన రోజు ఈ ఆసరా మొత్తం ఒక్కసారిగా పోతుంది. మామూలు రోజుల్లో అలాంటి ఆసరాను కల్పించడమే పొగాకు మాన్పించే కౌన్సెలర్ పని. ఎప్పుడు కాల్చాలనిపిస్తుందో రాయిస్తారు, ఆ సమయానికి ఏం చేయాలో ముందే అనుకునేలా చేస్తారు, వారం తర్వాత ఫోన్ చేసి అడుగుతారు. ఒకసారి జారితే తిట్టకుండా మళ్లీ మొదలుపెట్టిస్తారు.

సాయం లేకుండా చేసే ప్రయత్నాల్లో నూటికి నాలుగే ఫలిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిపుణుల తోడు, మందులు ఉంటే ఆ అవకాశం రెట్టింపుకు మించుతుంది. మందులంటే నికోటిన్ గమ్, చర్మానికి అతికించే ప్యాచ్, బుప్రోపియాన్, వారెనిక్లిన్ మాత్రలు వంటివి. గమ్‌ను చాలామంది మామూలు చూయింగ్ గమ్ లాగా గబగబా నమిలేసి, గొంతు మండితే "ఇది పనిచేయదు" అని పారేస్తారు. నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకుని ఆగాలి. టీ, కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. మెడికల్ షాపులో ఇదంతా ఎవరు చెబుతారు? మాత్రలు మాత్రం డాక్టర్ చూసి రాయాల్సిందే. మూర్ఛ ఉన్నవారికి బుప్రోపియాన్ ఇవ్వకూడదు.

నా బెంగ ఎక్కువగా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల గనుల్లో, పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్ల గురించి. ఊపిరితిత్తుల్లోకి రాతి దుమ్ము ఎలాగూ పోతోంది, దాని మీద బీడీ. రెండూ క్షయ ముప్పును పెంచేవే. దగ్గు వస్తే దుమ్ము వల్లే అనుకుంటారు. ఆసుపత్రికి పోతే "బీడీలు మానెయ్" అంటారు, ఆ వెనకే తర్వాతి రోగిని పిలుస్తారు. ఓపీ ముందు అంత వరుస ఉన్నప్పుడు డాక్టర్‌ను తప్పుపట్టలేం. కానీ బీడీ తాగుతాడని చీటీ మీద రాసి, పక్క గదిలోని కౌన్సెలర్ దగ్గరకు పంపడానికి ఒక్క నిమిషం చాలు. ఆ గదిలో మనిషి ఉండాలి, గమ్ ఉచితంగా ఇవ్వాలి. కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, దంత వైద్య కళాశాల ఉంది. నోరు తెరిచి చూసే డాక్టరుకు పొగాకు మరక అందరికంటే ముందు కనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఆసుపత్రి గడప దాటి కూడా వెళ్లాలి. ఇరుముడి కట్టే వారంలో ఆరోగ్య సిబ్బంది సన్నిధానాలకు వెళ్లి, మాల తీశాక మొదటి నెల ఎట్లా గడపాలో స్వాములతో కూర్చుని మాట్లాడవచ్చు. రంజాన్ చివరి వారంలో మసీదు కమిటీలతో కలిసి ఇదే పని చేయవచ్చు. అప్పటికే మానుకుని ఉన్న మనిషిని నిలబెట్టడం, రోజూ కాలుస్తున్నవాడిని మాన్పించడం కంటే సులువు.

ఈలోగా ఎవరికైనా సాయం కావాలంటే పొగాకు మానాలనుకునేవారి కోసం ఉన్న జాతీయ నంబరు 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2018 నుంచి ప్రతి సిగరెట్ పెట్టె మీదా ఉన్న నంబరే ఇది. తెలుగులోనూ మాట్లాడతారు.