సవరణ: ప్యాక్‌మ్యాన్ దయ్యాలు ఇష్టమొచ్చినట్టు తిరగవు

విజయవాడ గేమ్ జోన్లలోని పాత ఆటల మీద మొన్న పెట్టిన పోస్టులో, ప్యాక్‌మ్యాన్‌లో (చుక్కలు మింగుతూ గడుల దారుల్లో తిరిగే మనల్ని దయ్యాలు తరిమే వీడియో గేమ్) నాలుగు దయ్యాలూ ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయని, అందుకే ఆట విసుగు పుట్టదని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: ఒక్కో దయ్యానికి ఒక్కో పద్ధతి ఉంది, విసుగు పుట్టకపోవడానికి కారణం అదే.

జపాన్ గేమ్ కంపెనీ నామ్కోలో తోరు ఇవతాని బృందం 1980లో తెచ్చిన ఈ ఆటలో ఎర్రటి బ్లింకీ నేరుగా మనమున్న గడికే వస్తుంది. గులాబీ రంగు పింకీ మనం వెళ్తున్న దిక్కులో 4 గడుల ముందుకు గురిపెడుతుంది. మనం పైకి వెళ్తుంటే మాత్రం, ప్రోగ్రాంలోని లోపం వల్ల ఆ గురి 4 గడులు ఎడమకు కూడా జరుగుతుంది. లేత నీలం ఇంకీ, బ్లింకీ ఎక్కడుందో కూడా చూసుకుని లెక్క వేస్తుంది. నాకు బాగా ఇష్టమైంది నారింజ రంగు క్లైడ్. దూరం నుంచి తరుముకొస్తుంది, 8 గడుల లోపుకి రాగానే ఎడమవైపు కింది మూలకు మళ్లుతుంది.

సత్యనారాయణపురం సందుల్లో దొంగా పోలీసు ఆడినవాళ్లకి ఈ టెన్షన్ తెలుసు: ఒకడు వెనక తరుముతుంటే ఇంకొకడు సందు చివర కాపు కాస్తాడు.

దయ్యాలు నిజంగా దిక్కుతోచకుండా తిరిగేది, పెద్ద చుక్క మింగాక అవి ముదురు నీలంగా మారినప్పుడే.

ఆ పోస్టులోనే 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ (పైనుంచి దిగొచ్చే శత్రువుల్ని కాల్చే ఆట) భాగంలో మార్పు లేదు. శత్రువులు తగ్గేకొద్దీ ప్రాసెసర్‌కి గీసే పని తగ్గుతుంది కాబట్టి, మిగిలినవి వేగం పుంజుకుంటాయి.