వీధి సుషీ దుకాణానికి గీటురాయి చేప కాదు, అన్నం

టోక్యో తూర్పు దిక్కున ఎదొగావా వార్డులో నిషి కసాయ్ అనే పేట ఉంది. ఐటీ కొలువుల మీద జపాన్ వెళ్లిన భారతీయ కుటుంబాలు, వాటిలో తెలుగువాళ్లూ, ఎక్కువగా కాపురం పెట్టే చోటు అది. టోక్యోలో ఇలాంటి పేటల్లో స్టేషన్ నుంచి ఇంటికి నడిచే దారిలో ఎక్కడో ఒకచోట ఎనిమిది పది కుర్చీల సుషీ దుకాణం కనిపిస్తుంది. గుమ్మానికి గుడ్డ తెర, లోపల పొడవాటి కర్ర బల్ల, దాని వెనుక నిలబడి పని చేసే ఒక పెద్దాయన, వడ్డనకు ఆయన భార్య. దీన్ని అక్కడ మాచిజుషి అంటారు. పేట సుషీ అని అర్థం. కొత్తగా వచ్చినవాళ్లు దాని ముందు నుంచి రోజూ నడిచి వెళ్తూనే, సుషీ తినాలనిపించిన రోజున మాత్రం పళ్లేలు బెల్టు మీద తిరిగే పెద్ద హోటల్‌కే వెళ్తారు. గుమ్మం దగ్గర ధరల పట్టిక ఉండదు, లోపల జపనీస్ తప్ప మరో మాట వినిపించదు, పచ్చి చేప అంటే జంకు.

మొదటి రెండింటికీ ఉపాయాలున్నాయి. మూడోది మాత్రం అపోహ. సుషీ అంటే పచ్చి చేప కాదు, పులుపు పట్టించిన అన్నం. చేప లేని సుషీ ఉంటుంది, ఆ అన్నం లేని సుషీ ఉండదు. ఉత్త చేప ముక్కలే వడ్డిస్తే దాన్ని సాషిమి అంటారు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే చిన్న దుకాణాన్ని దేనితో తూచాలో తేలిపోతుంది.

పులిహోర కలపడం వచ్చినవారికి ఈ పని సగం తెలిసినట్టే. అన్నం మెత్తబడకుండా వండాలి, వెడల్పాటి పళ్లెంలో పరవాలి, మెతుకు విరగకుండా కలపాలి. తేడా ఒకచోట ఉంది. పులిహోరకు అన్నం ఆరనిస్తాం. సుషీకి ఆరనివ్వకూడదు, పొగలు కక్కుతున్నప్పుడే వినెగర్ పట్టించాలి. పొట్టి గింజ బియ్యాన్ని కడిగి అరగంట నానబెట్టి, మామూలు ఎసరు కన్నా తగ్గించి, దాదాపు కొలతకు కొలత నీళ్లతో వండుతారు. తగ్గించిన ఆ తడిని వినెగర్ పూడుస్తుంది. ఇంటి లెక్కలో, గో అనే జపాన్ కొలతలో 3 గోల బియ్యానికి, అంటే సుమారు 450 గ్రాములకు, 65 నుంచి 70 మిల్లీలీటర్ల బియ్యపు వినెగర్, రెండు మూడు పెద్ద చెంచాల చక్కెర, ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు సరిపోతాయి. చక్కెర, ఉప్పు ముందే వినెగర్‌లో కరిగి ఉండాలి. అన్నం పది నిమిషాలు ఉమ్మగిల్లాక, తడిపి తుడిచిన హంగిరి అనే చెక్క తొట్టిలోకి దించి, వినెగర్ చుట్టూ పోసి, గరిటెను నిలువుగా దింపుతూ కోసినట్టు కలుపుతారు. పులుపంతా పట్టాకే విసనకర్రతో విసరాలి. పైతడి ఆరి మెతుకు మెరుస్తుంది. తర్వాత తడిగుడ్డ కప్పి, అన్నం ఒంటి వేడికి దిగేదాకా ఆగుతారు.

తప్పులు జరిగేదీ ఇక్కడే. అన్నం చల్లారాక వినెగర్ పోస్తే అది మెతుకులోకి దిగదు, జారి అడుక్కి చేరుతుంది. అప్పుడు పైన ఉన్నది చప్పగా, అడుగున ఉన్నది పుల్లని ముద్దగా మిగులుతుంది. ఎసరు ఎక్కువైతే వినెగర్ పోసే వేళకే అన్నం జావలా ఉంటుంది. గరిటెతో నొక్కి కలిపితే మెతుకు చితికి జిగురు పుడుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు ఫ్రిజ్. గడ్డకట్టే స్థాయికి కొంచెం పైన ఉండే చలిలోనే అన్నంలోని పిండిపదార్థం వేగంగా బిగుసుకుంటుంది. పొద్దున్నే చేసి చలి అరలో పెట్టిన సుషీ మధ్యాహ్నానికి గుగ్గిళ్లలా గట్టిపడేది అందుకే. సూపర్ మార్కెట్ పెట్టెల్లోని అన్నం తియ్యగా ఉండటానికి కారణమూ ఇదే. చక్కెర తడిని పట్టి ఉంచి, బిగుసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది.

బల్ల వెనుక మనిషి ఒక్కో ముక్కకు 15 నుంచి 20 గ్రాముల అన్నం చేతిలోకి తీసుకుని, నాలుగైదు కదలికల్లో ఆకారం తెచ్చి, చేప పరిచి ముందు పెడతాడు. వేళ్లతో ఎత్తినప్పుడు విడిపోకుండా, నాలుక తగలగానే విచ్చుకునేంత వదులుగా ఉండాలి. గట్టిగా పిసికితే లోపల గాలి పోయి లడ్డూలా తగులుతుంది. అన్నం ఒంటి వేడిలో, చేప దానికన్నా కొంచెం చల్లగా ఉండే ఆ కాసేపటి కోసమే బల్ల ముందు కూర్చోవడం. బెల్టు మీద నాలుగు చుట్లు తిరిగిన పళ్లెంలో అది మిగలదు. 1981లో సుజుమో సంస్థ అన్నం ముద్దలు చేసే యంత్రాన్ని తెచ్చింది. ఇవాళ్టి యంత్రాలు వదులుగానే చేస్తాయి, వాటిని తీసిపారేయలేం. కానీ వడ్డించే ఆ గడియను అవి పట్టుకోలేవు.

ఇక చేప. "తాజాగా ఉందా?" అని అడగడం మన అలవాటు. పులుసుకు అది సరైన ప్రశ్న. సుషీకి సగం ప్రశ్నే. 1820ల్లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, చేత్తో ఒత్తిన నిగిరి సుషీకి పేరు తెచ్చింది హనాయా యోహెయి అని చెబుతారు. అప్పటి బళ్ల మీద మంచుగడ్డ లేదు. అందుకే ప్రతి చేపకూ ఏదో ఒక పని చేసి గానీ అన్నం మీద పెట్టేవారు కాదు. ఉప్పు పట్టించడం, వినెగర్‌లో ముంచడం, సోయా సాస్‌లో నానబెట్టడం, కొంబు అనే సముద్రపు నాచు మధ్య అదమడం, ఉడికించడం. ఆ పాత చేతిపనిని వృత్తిలో ఇప్పటికీ షిగోతో, అంటే పని, అనే పిలుస్తారు.

దుకాణం పనితనం చూడాలంటే ఖరీదైన ట్యూనా పొట్ట ముక్క అడగనక్కర్లేదు, కొహాదా అడగాలి. వెండిరంగు పొలుసుల చిన్న చేప, చవకది. దాన్ని చీల్చి తెరిచి, ముల్లు తీసి, ఉప్పు చల్లి, కడిగి, వినెగర్‌లో ముంచి, ఒక రాత్రి ఆగనిస్తారు. ఉప్పు ఎంతసేపు ఉంచాలన్నది చేప మందం, కొవ్వు, ఆ రోజు ఎండను బట్టి మారుతుంది. కాసేపు ఎక్కువైతే కరువాడులా బిగుస్తుంది, తక్కువైతే నీచు వాసన పోదు. డబ్బు పెట్టి కొనే నాణ్యత కాదిది, చెయ్యి తిరగాల్సిన పని. పాములా పొడుగైన అనాగో చేపను సోయా, చక్కెర, సాకే అనే బియ్యపు సారాలో మెత్తగా ఉడికించడం, గుడ్డు అట్టును పొరలు పొరలుగా చుట్టడం కూడా ఇదే కోవ.

తాయ్, హిరామె లాంటి తెల్ల చేపలు పట్టిన గంటలోనే తింటే రబ్బరులా సాగుతాయి, రుచీ తక్కువ. రక్తం తీసి సరిగ్గా చల్లబరచి ఒకటి రెండు రోజులు ఉంచితే కండరంలో ఇనోసినిక్ ఆమ్లం పెరిగి కమ్మదనం వస్తుంది. ట్యూనాలో అధికభాగం సముద్రంలోనే మైనస్ 60 డిగ్రీల చలిలో గడ్డకట్టి వచ్చేదే. అందులో తప్పేమీ లేదు. దాన్ని గోరువెచ్చని ఉప్పునీటిలో కాసేపు ముంచి, తుడిచి, కాగితం చుట్టి, చలి అరలో మెల్లగా కరగనివ్వాలి. తొందరపడి గది వేడిలో వదిలేస్తే ఎర్రనీరు కారిపోయి, ముక్క రంగు మాసి, దూదిలా తగులుతుంది. పళ్లెంలో చేప కింద ఎర్రటి తడి కనిపిస్తే దుకాణం ఎక్కడ తప్పిందో తెలిసిపోయినట్టే.

భయపడాల్సిన చోట భయపడాలి కూడా. కానాగంతల జాతికి చెందిన సాబా, స్క్విడ్ వంటివాటిలో అనిసాకిస్ పురుగు ఉండొచ్చు. ఉప్పు, వినెగర్, వాసబి అనే ఘాటైన పచ్చ ముద్ద దాన్ని చంపవు. జపాన్ ఆరోగ్య శాఖ చెప్పే కొలత మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు. సాబా, ట్యూనా వెచ్చదనంలో ఎక్కువసేపు ఉంటే హిస్టమిన్ పుడుతుంది, అది వండినా పోదు. పెదవి చురుక్కుమంటే ఆ ముక్క వదిలేయాలి. మంచినీటి చేపను పచ్చిగా పెట్టడం ఎదో సంప్రదాయంలో లేదు. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో ప్రయోగం చేసేవారు చెరువు చేపను ఎంత తాజాదైనా పచ్చిగా వాడకూడదు. ఉడికించిన రొయ్యతో మొదలుపెట్టవచ్చు. భీమవరం వైపు రొయ్యలకు జపాన్ పాత కొనుగోలుదారే. బియ్యం దగ్గర మాత్రం సోనామసూరి పనికిరాదు, ముద్ద నిలవదు.

మాచిజుషి దేశమంతా పరుచుకోవడానికి ఒక కరువు కారణం. యుద్ధానంతరం ఆహార కొరతతో 1947లో ప్రభుత్వం హోటళ్లను కట్టడి చేసింది. అప్పుడు టోక్యో సుషీ వ్యాపారులు ఒక దారి వెతికారు. కొనుగోలుదారు 1 గో బియ్యం తెస్తే, కూలి మాత్రమే తీసుకుని పది ముక్కలు చేసిస్తారు. ఇది భోజనం అమ్మకం కాదు, మర పట్టించుకున్నట్టే అన్న వాదనతో అనుమతి దొరికింది. మిగతా ప్రాంతాలూ అదే పద్ధతి అందుకోవడంతో టోక్యో నిగిరి దేశమంతటికీ సుషీ అయింది. ఇవాళ్టికీ ఒక మనిషి వంతు పది ముక్కల అటూ ఇటూ ఉండటం ఆనాటి గుర్తే.

ఇప్పుడు ఆ దుకాణాలు రెండు వైపుల నుంచీ నలుగుతున్నాయి. 1958లో షిరాయిషి యోషియాకి ఒసాకా పక్కన తిరిగే బెల్టు సుషీ మొదలుపెట్టాడు. ఆ తరహా గొలుసు హోటళ్లలో పెద్దదైన సుషీరో, పన్నుతో కలిపి 110 యెన్‌లున్న అతి చవక పళ్లెం ధరను 2022 అక్టోబర్‌లో 120కి పెంచింది. ఇంకో వైపు టోక్యోలోని ఖరీదైన పేట గింజాలో భోజనం 30,000 యెన్‌లు దాటే బల్లలకూ కొదవ లేదు. నడుమ ఉన్న పేట దుకాణానికి ఒకప్పుడు ఇళ్లకు పంపే సుషీ ఆసరాగా ఉండేది, దాన్ని సూపర్ మార్కెట్ పెట్టెలు లాక్కున్నాయి. 2025 వసంతంలో సూపర్ మార్కెట్లలో 5 కిలోల బియ్యం సగటు ధర 4,200 యెన్‌లు దాటింది, అంతకు ముందు ఏడాదికి దాదాపు రెట్టింపు. గొలుసు హోటల్‌లా టోకున ముందే ఒప్పందం చేసుకునే బలం చిన్నవాడికి లేదు. "అన్నం వండటానికి మూడేళ్లు, ఒత్తడానికి ఎనిమిదేళ్లు" అన్న పాత నానుడిని నమ్మి శిష్యరికానికి వచ్చే కుర్రాళ్లూ తగ్గారు.

అయితే తప్పంతా కాలానిదే అనడం న్యాయం కాదు. ధర చోట "ఆ రోజు రేటు" అని రాసి పెట్టడం ఈ దుకాణాలు తమకు తాము చేసుకున్న కీడు. చేప ధర రోజూ మారుతుందన్న మాట నిజమే. కానీ మన రైతుబజారులోనూ ధర రోజూ మారుతుంది, అయినా పొద్దున్నే పలక మీద రాస్తారు. బెల్టు హోటల్ గెలిచింది రుచితో కాదు, పళ్లెం రంగు చూసి లెక్క వేసుకోగల ధైర్యంతో. గుమ్మం పక్కన మధ్యాహ్నం ధర రాసిన ఒక్క పలక పెడితే కొత్తవాడు లోపలికి వస్తాడు.

ఆ కొత్తవాడికి మధ్యాహ్నమే మంచి వేళ. చాలాచోట్ల 1,000 నుంచి 1,500 యెన్‌లకు ఒక మనిషి వంతు దొరుకుతుంది. నామి, జో, తొకుజో అనే మూడు మెట్లుంటాయి, కొన్నిచోట్ల వాటినే ఉమె, వెదురు, పైన్ చెట్ల పేర్లతో పిలుస్తారు. తేడా చేప ఖరీదులోనే, అన్నం అందరికీ ఒకటే. కాబట్టి దుకాణాన్ని తెలుసుకోవడానికి కింది మెట్టు చాలు. రాత్రి వెళ్తే కూర్చోగానే బడ్జెట్ చెప్పడం అక్కడ నామోషీ కాదు: "ఒమకాసె దె, గొసెన్ ఎన్ గురాయ్ దె", అంటే మీ ఇష్టం, సుమారు ఐదు వేల యెన్‌లలో చూడండి. వాసబి వద్దంటే "సాబి నుకి".

చేత్తో తినొచ్చు, మనకది చెప్పాల్సిన పని లేదు. సోయా సాస్ చేప వైపు అంటించాలి. అన్నం వైపు ముంచితే అది పీల్చుకుని విడిపోతుంది, ఉప్పు తప్ప ఇంకేమీ తెలియదు. పైన ముందే సాస్ పూసి ఇస్తే మళ్లీ ముంచనక్కర్లేదు. ముక్క పెట్టగానే తినాలి. ఫోటో ఒకటి చాలు, రెండోదానికి అన్నం వేడి తగ్గుతుంది. నోరి అనే ఎండు నాచు రేకు చుట్టిన ముక్క మరీ ఆగదు, నిమిషాల్లో సాగిపోతుంది. ఘాటైన అత్తరు వద్దు, పది కుర్చీల గదిలో అది అందరి పళ్లెంలోకీ చేరుతుంది.

శాకాహారులకూ చోటుంది, కానీ అడిగి తినాలి. దోసకాయ చుట్టిన కప్పా మాకి, ఊరవేసిన ఉమె పండు గుజ్జుతో చేసే చుట్టలు నిశ్చింతగా తినొచ్చు. కాంప్యో మాకిలో ఉండేది సొరకాయ జాతి కాయే. జపాన్‌లోని తోచిగి ప్రాంతంలో రిబ్బన్‌లా చెక్కి ఎండబెట్టిన ఒరుగు. పేరు విని సంబరపడతాం, కానీ దాన్ని ఉడికించే రసంలో ఎండు బొనిటో చేప ఉండొచ్చు. వేయించిన టోఫూ సంచిలో అన్నం కూరిన ఇనారిదీ అదే కథ, గుడ్డు అట్టుదీ అంతే. "కత్సువో దాషి", అంటే ఆ బొనిటో రసం, వాడారా అని ముందే అడగాలి. చిన్న దుకాణంలో వండినవాడే ఎదురుగా ఉంటాడు కాబట్టి సూటిగా జవాబు వస్తుంది. బెల్టు దగ్గర అడగడానికి మనిషే ఉండడు.

ఏ పూట వెళ్లినా తలుపు తెరిచిన మొదటి అరగంటలో వెళ్లాలి. మధ్యాహ్నం పదకొండున్నర, సాయంత్రం ఐదు. ఆ వేళకు తొట్టిలో అన్నం కలిపి గంట దాటి ఉండదు, పులుపు సర్దుకుని, వేడి ఇంకా మెతుకులోనే ఉంటుంది. రాత్రి తొమ్మిదికి వెళ్లినవాడికి దొరికేదీ అదే అన్నం, కాకపోతే నాలుగు గంటల తర్వాతది.