ఈస్ట్ ఫేసింగ్ చూశాం సరే, రన్‌వే ఎటుంది?

డాలస్ చుట్టుపక్కల ఇల్లు వెతికే తెలుగువాళ్ళ దగ్గర రెండు తప్పకుండా ఉంటాయి. ఒకటి లోను ఇస్తామని బ్యాంకు ఇచ్చిన ప్రీ-అప్రూవల్ లెటర్, రెండోది ఫోన్‌లో దిక్సూచి. గుమ్మం ముందు నిలబడి ఫోన్ అటూ ఇటూ తిప్పి, తూర్పు కాస్త పక్కకి జరిగిందనిపిస్తే చాలు, ఇండియాలో ఉన్న సిద్ధాంతి గారికి వాట్సాప్‌లో ఫొటో పెడతాం. ఈస్ట్ ఫేసింగ్ లాట్ అంటే బిల్డర్ అడిగిన ప్రీమియం మారుమాట్లాడకుండా కట్టేస్తాం. కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అదే దిక్సూచిని ఇంకాసేపు పట్టుకుని, డాలస్-ఫోర్ట్‌వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) ఎయిర్‌పోర్టు రన్‌వే గీత, అంటే రన్‌వేని రెండు కొసలా సూటిగా సాగదీస్తే వచ్చే గీత, ఈ ఇంటి కప్పు మీదుగా పోతుందా అని మాత్రం ఎవరూ చూడరేం?

"ఎయిర్‌పోర్టుకి ఎంత దూరం?" అని అడుగుతాం. "పదిహేను నిమిషాలండీ" అంటాడు రియల్టర్. మనకి సంతోషం. అడగాల్సింది దూరం కాదు, దిక్కు.

1974 జనవరిలో మొదలైన ఈ ఎయిర్‌పోర్టు విస్తీర్ణం దాదాపు 27 చదరపు మైళ్ళు, మాన్‌హట్టన్ దీవి కంటే ఎక్కువ. ఏడు రన్‌వేలున్నాయి. ఐదు ఉత్తర దక్షిణాలుగా ఒకదాని పక్కన ఒకటి, మిగతా రెండూ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఐమూలగా. వాస్తు చూసేవాళ్ళకి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు. దిగే విమానం సుమారు మూడు డిగ్రీల వాలులో వస్తుంది కాబట్టి, రన్‌వే ఇంకో మైలు ఉందనగా దాదాపు 280 అడుగుల ఎత్తున ఉంటుంది, ఐదు మైళ్ళు ఉందనగా 1,400 అడుగుల ఎత్తున. అందుకే రన్‌వే గీతకి సూటిగా ఐదు మైళ్ళ అవతల ఉన్న ఇల్లు, రన్‌వేకి పక్కగా మూడు మైళ్ళలో ఉన్న ఇంటి కంటే ఎక్కువ మోత వింటుంది. జిల్లో, రెడ్‌ఫిన్ లాంటి ఇళ్ళు వెతికే సైట్లు చూపించే మైళ్ళు ఈ తేడా చెప్పవు.

కాబట్టి ఉత్తరాన రన్‌వే గీతల వైపున్న కాపెల్ పడమటి వీధులు, గ్రేప్‌వైన్ తూర్పు భాగం, ఇంకా పైన ఫ్లవర్ మౌండ్, లూయిస్‌విల్ ఒక లెక్క. తూర్పు పక్కనున్న లాస్ కొలీనాస్, వ్యాలీ రాంచ్ ఇంకో లెక్క. ఇర్వింగ్ అంతా ఒకటే అనుకోకండి. ఐమూల రన్‌వేల్లో ఒకదాని గీత ఆ ఊరి మీదుగానే పోతుంది. ఒకే ఊళ్ళో, ఒకే స్కూల్ పరిధిలో, ఒకే ధరకి దొరికే రెండు ఇళ్ళ మధ్య కూడా చప్పుడులో చాలా తేడా ఉంటుంది.

ఇక గాలి సంగతి. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగానే లేస్తాయి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణం నుంచి వీచే గాలి. ఆ రోజుల్లో ఉత్తరం నుంచి వచ్చి దిగుతాయి, దక్షిణానికి లేచి ఆర్లింగ్టన్, గ్రాండ్ ప్రెయిరీ వైపు పోతాయి. శరదృతువులో మొదటి కోల్డ్ ఫ్రంట్ రాగానే గాలి ఉత్తరం నుంచి వీస్తుంది, దాంతోపాటు మొత్తం వ్యవహారం తలకిందులవుతుంది. అప్పటిదాకా కాపెల్ మీద మెల్లగా జారుకుంటూ దిగిన విమానాలు ఇప్పుడు ఫుల్ పవర్‌తో పైకి లేస్తాయి. దిగే చప్పుడు వేరు, లేచే చప్పుడు వేరు. మనవాళ్ళు ఇల్లు కొనేది ఎప్పుడు? పిల్లల స్కూళ్ళు మొదలయ్యేలోపు, అంటే మే నుంచి ఆగస్టు మధ్యలో. చూసినదంతా ఒక గాలిలోనే. నవంబరులో ఒక ఉదయం అకస్మాత్తుగా కిటికీ అద్దం అదురుతుంటే, "ఎయిర్‌పోర్టు వాళ్ళు రూటు మార్చేశారు" అని ఇరుగుపొరుగు వాళ్ళ యాప్ నెక్స్ట్‌డోర్‌లో పోస్టు పెడతారు. రూటు మారలేదు బాబూ, గాలి మారింది.

రూటు మారిన సందర్భాలూ లేకపోలేదు. 1990 ప్రాంతంలో తూర్పున ఏడో రన్‌వే ప్రతిపాదన వచ్చినప్పుడు ఇర్వింగ్, గ్రేప్‌వైన్, యూలెస్ నగరాలు కోర్టుకెక్కాయి. 1996లో ఆ రన్‌వే తెరుచుకుంది. 2014లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఉపగ్రహాల ఆధారంగా కొత్త దారులు గీసింది. అంతకుముందు కాస్త చెదిరి ఎగిరే విమానాలు ఇప్పుడు సన్నటి గీత మీదే పోతాయి. ఆ గీత కింద లేనివాళ్ళకి హాయి, ఉన్నవాళ్ళకి మోతలో వాటా పెరిగింది. కాబట్టి "మేం ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాం, ఏమీ ఉండదు" అనే పక్కింటి పెద్దాయన మాట కూడా ఆయన వీధి వరకే చెల్లుతుంది.

కాగితాల మీద నమ్మకం ఉన్నవాళ్ళు "ఈ ఇల్లు ఎయిర్‌పోర్టు చప్పుడు మ్యాపులో 65 డెసిబెల్స్ లైను బయటే ఉంది కదా" అంటారు. ఆ 65 అంటే ఏంటో చూద్దాం. ఏడాది పొడవునా పడిన విమానాల చప్పుడంతటినీ కలిపి రోజుకి ఇంత అని తీసిన సగటు అది. దాన్ని డీఎన్‌ఎల్ అంటారు. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా ఎగిరిన ఒక్కో విమానాన్ని పది విమానాల కింద లెక్కేస్తారు, అంతవరకు న్యాయమే. కానీ సగటు సగటే. ఉత్తరపు గాలి వీచిన రోజున మీరు పడ్డ అవస్థని, గాలి అటు తిరిగిన మిగతా రోజుల నిశ్శబ్దంతో కలిపేసి సర్దేస్తుంది. మన చెవి ఏడాది సగటు వినదు, నెత్తిమీద పోతున్న ఆ ఒక్క విమానాన్ని వింటుంది.

ఎఫ్‌ఏఏ స్వయంగా చేయించిన సర్వే ఫలితాలు 2021 జనవరిలో వచ్చాయి. 20 ఎయిర్‌పోర్టుల చుట్టూ పదివేల మందికి పైగా అడిగారు. 65 గీత దగ్గర ఉన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది తీవ్రంగా విసిగిపోతున్నామన్నారు. ఆ గీత పెట్టినప్పటి పాత లెక్క ప్రకారం అలా అనేవాళ్ళు 12 శాతం పైచిలుకే ఉండాలి. గీత మాత్రం అక్కడే ఉంది. ఇంకో సంగతి ఇల్లు కొనేవాళ్ళకి పెట్టే మన సెమినార్లలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. మోత ఎక్కువున్న ఇళ్ళకి కిటికీలు, తలుపులు మార్చే సౌండ్ ఇన్సులేషన్ పథకాలకి ఎఫ్‌ఏఏ నిధులిస్తుంది కానీ, 1998 అక్టోబరు 1 తర్వాత కట్టిన ఇళ్ళకి మామూలుగా అది వర్తించదు. తెలిసి తెలిసి కట్టారు, తెలిసి తెలిసి కొన్నారు అని వాళ్ళ వాదన. మనవాళ్ళు కొనే కొత్త ఇళ్ళన్నీ ఆ తర్వాత కట్టినవే.

అసలు ఎయిర్‌పోర్టు దగ్గర ఇల్లంటే మనకెందుకంత మోజు? కొంత హైదరాబాద్ అలవాటు. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి ఏ వెంచర్ బ్రోచర్ తెరిచినా "ఎయిర్‌పోర్టుకి ఇన్ని నిమిషాలు" అన్నదే మొదటి లైను. ఇప్పుడు భోగాపురం వైపు కూడా అదే పాట. అక్కడ మనం కొన్నది స్థలం, రేటు పెరిగాక అమ్ముకోవడానికి. ఇక్కడ కొనేది రాత్రిళ్ళు పడుకోవడానికి. కొంత నిజమైన అవసరం కూడా ఉంది, కాదనను. సోమవారం తెల్లవారుజామున క్లయింట్ దగ్గరికి ఎగిరి గురువారం రాత్రి దిగే కన్సల్టెంట్లకి ఆ దగ్గరతనం ప్రతి వారం కలిసొస్తుంది. కాపెల్ స్కూళ్ళ పేరు సరేసరి. ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వ్యాలీ రాంచ్ దాకా, సైప్రస్ వాటర్స్ దాకా ఉందని తెలిసి అక్కడ అద్దెకి దిగినవాళ్ళు ఎంతమందో.

మిగతావాళ్ళ సంగతి చూడండి. ఏడాదిలో ఒకసారి ఇండియా ప్రయాణం, అమ్మానాన్నల్ని తీసుకురావడం, దించడం, ఒక వెకేషన్. దీని కోసం ఎయిర్‌పోర్టు పక్కన ముప్పై ఏళ్ళ లోను తీసుకోవడం నాకైతే గిట్టుబాటు కాని బేరంలా కనిపిస్తుంది.

మా స్నేహితుల ఇంట్లో జరిగింది చెప్తాను. ఇద్దరూ ఉద్యోగస్తులు, పిల్లలు స్కూలుకి పోతారు. సాయంత్రం అందరూ ఇంటికొచ్చేసరికి టీవీ, హోంవర్కు, వంటింటి చిమ్నీ, ఈ గోలలో విమానాలు ఎవరికీ వినపడవు. ఒంగోలు నుంచి ఆరు నెలలకని వచ్చిన అత్తగారు, మామగారు మాత్రం పగలంతా ఇంట్లోనే. ఆయనకి ప్యాటియోలో కూర్చుని వార్తలు వినడం అలవాటు. ప్రతి విమానానికీ వాల్యూమ్ పెంచడం, పోయాక తగ్గించడం, చివరికి విసుగొచ్చి లోపలికి వచ్చేయడం. ఒకరోజు అత్తగారు నవ్వుతూనే అన్నారట, "ఇల్లు కొన్నది మీరమ్మా, ఉంటున్నది మేము" అని. కోడలు ఆ మాట నాకు చెప్పి నవ్వింది, నేను నవ్వలేకపోయాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళేది శనివారం, వెళ్ళేది పగలు ఇంట్లో ఉండని ఇద్దరు. పగలంతా ఉండేవాళ్ళని ఎవరూ అడగరు. పెద్దవాళ్ళు, చంటిపిల్ల తల్లి, ఇంటి నుంచే పనిచేసేవాళ్ళు, రాత్రి పొద్దుపోయేదాకా హైదరాబాద్ టీమ్‌తో కాల్స్ మాట్లాడి ఆలస్యంగా నిద్రలేచేవాళ్ళు: మీ ఇంట్లో వీళ్ళెవరో చూసుకుని, నిర్ణయం వాళ్ళ చెవులకి వదిలిపెట్టాలన్నది నా అభిప్రాయం. ఈ విషయంలో మెజారిటీ ఓటు పనికిరాదు.

దీనికి జవాబుగా కొందరు చెప్పేది కూడా సబబే. విమానాలు పాతవాటిలా మోత మోగించట్లేదు. పాతకాలపు పెద్ద శబ్దపు జెట్‌లని అమెరికాలో 1999 చివరికల్లా ఆపేశారు, కొత్త ఇంజన్ల చప్పుడు చాలా తక్కువ. ఒప్పుకుంటాను. ఒక్కో విమానం చప్పుడు తగ్గింది, విమానాలు తగ్గలేదు. 2024లో డీఎఫ్‌డబ్ల్యూ నుంచి ప్రయాణించినవాళ్ళు దాదాపు 8.8 కోట్లు. 31 గేట్లతో కొత్త టెర్మినల్ ఎఫ్ రాబోతోంది.

పెద్ద ఎయిర్‌పోర్టుకి దూరంగా వెళ్ళాం కదా అని ఊపిరి పీల్చుకునేవాళ్ళకి ఒక మాట. ఫ్రిస్కోలో ధర అందక నార్త్‌లేక్, జస్టిన్, రోనోక్ వైపు కొంటున్న కుటుంబాలు అలయన్స్ ఎయిర్‌పోర్టుని లెక్కలోకి తీసుకోవట్లేదు. అక్కడ ఫెడెక్స్ హబ్ ఉంది, 2019 నుంచి అమెజాన్ హబ్ ఉంది. సరుకు విమానాలు రాత్రనక పగలనక తిరుగుతాయి. మెకిన్నీలో ప్యాసింజర్ విమానాల కోసం పెట్టిన 20 కోట్ల డాలర్ల బాండ్‌ని 2023 మేలో ఓటర్లు తిప్పికొట్టారు. అయినా నగరం వెనక్కి తగ్గలేదు, 2025లో టెర్మినల్ పనులు మొదలయ్యాయి. చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఇంకో చిక్కు: పిస్టన్ ఇంజన్ విమానాలు చాలావరకు ఇప్పటికీ సీసం కలిసిన పెట్రోలుతోనే ఎగురుతాయి. ఆ సీసం ఆరోగ్యానికి ప్రమాదమని 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నిర్ధారించింది. చిన్నపిల్లలున్నవాళ్ళు అటువైపు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

నా మటుకు నేను ఎయిర్‌పోర్టు పక్కన కొనొద్దని చెప్పను. పక్కన కొనండి, రన్‌వే గీత కింద కొనకండి. దగ్గరతనమే కావాలంటే 2025 అక్టోబరు నుంచి ప్లేనో నుంచి రిచర్డ్‌సన్, ఆడిసన్, సైప్రస్ వాటర్స్ మీదుగా టెర్మినల్ బి దాకా సిల్వర్ లైన్ రైలు నడుస్తోంది. నాలుగు పెట్టెలు, రెండు ఊరగాయ జాడీలతో రైలెక్కడం కష్టమే అనుకోండి, ఒక్కళ్ళే వెళ్ళేటప్పుడు హాయి.

ఇల్లు నచ్చితే టెక్సస్‌లో మనకి ఒక మంచి వెసులుబాటు ఉంది, ఆప్షన్ పీరియడ్. కొద్దిపాటి ఫీజు కట్టి, ఒప్పుకున్న రోజుల్లోపు కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. మనవాళ్ళు ఆ రోజులన్నీ ఇన్‌స్పెక్షన్‌కీ, రూఫ్ రిపేరు మీద బేరాలకీ ఖర్చుపెడతారు. అందులో ఒక ఉదయం ఆరింటికి, ఒక రాత్రి పదింటికి వెళ్ళి పెరట్లో నిలబడండి. గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. రెండో గాలి ఆ వారంలో రాకపోతే, పోయిన జనవరిలో ఆ ఇంటి మీద ఏమెగిరాయో ఫ్లైట్ ట్రాకింగ్ సైట్లలో వెతకండి. బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొనేవాళ్ళకి ఈ ఆప్షన్ మామూలుగా ఉండదు కాబట్టి, ఇదంతా డిపాజిట్ కట్టకముందే చేసుకోవాలి.

అమ్మేవాళ్ళు ఇచ్చే డిస్‌క్లోజర్ ఫారంలో సైనిక స్థావరాల చప్పుడు గురించి ఒక పేరా ఉంటుంది. అది చదివి, ఎయిర్‌పోర్టు సంగతి కూడా చెప్పేసినట్టే అనుకోకండి. చూడాల్సింది, ఇంటి హక్కు పత్రాలు పరిశీలించే టైటిల్ కంపెనీ పంపే కమిట్‌మెంట్ అనే కాగితంలో షెడ్యూల్ బి. అందులో అవిగేషన్ ఈజ్‌మెంట్ అని కనిపిస్తే, ఈ స్థలం పైన విమానాలు ఎగరడానికి, చప్పుడు చేయడానికి ఒకప్పటి యజమాని ఎప్పుడో హక్కు రాసిచ్చేశారని అర్థం. ఇంటితోపాటు అది కూడా మీకు సంక్రమిస్తుంది, మీరు అమ్మితే కొన్నవాళ్ళకి పోతుంది. అభ్యంతరం చెప్పడానికి ఒప్పందంలో గడువుంటుంది, కొద్ది రోజులే. చాలామంది ఆ కాగితాన్ని ఇల్లు చేతికొచ్చే క్లోజింగ్ రోజున, గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకున్నాక మొదటిసారి చూస్తారు.