సూర్యుడికి పట్టిన చీమలు

మా మేనకోడలు బొమ్మలు వేస్తుంది. సెలవలకి నెల్లూరు వచ్చి, శనివారం సాయంత్రం పెన్న ఒడ్డున కూర్చుని ఒక వాటర్ కలర్ వేసింది. తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద ఆరబెట్టింది. పచ్చ, నీలం ఒకదాంట్లోకి ఒకటి కారి, మధ్యలో మనిషిలాంటిది ఒకటి నిలబడింది. ముఖం లేదు. కాళ్లు నీళ్లలో కలిసిపోయాయో, వెయ్యడం మర్చిపోయిందో తెలీదు.

"ఏందమ్మా ఇది?" అంటే, "నీకేం కనిపిస్తే అదే మామయ్యా" అంది. జవాబు లేని ప్రశ్నలంటే నాకు బళ్లో చదివే రోజుల నుంచీ టెన్షనే.

ఆదివారం పొద్దున టేబుల్ చుట్టూ సభ తీరింది. బాబాయికి మొలగొలుకుల చేలో దిష్టిబొమ్మ కనిపించింది. అమ్మకి జొన్నవాడ కామాక్షమ్మ కనిపించింది. ఎదురింటాయన చాలాసేపు చూసి, "ఆ మూల తేమ ఇంకా పోలేదే" అన్నాడు. ఆయనది రైసు మిల్లు. వడ్లయినా, బొమ్మయినా ముందు తేమే చూస్తాడు.

నేను గొంతు సవరించుకున్నాను. తెలుపు కావాలంటే రంగు పుయ్యరనీ, కాగితాన్నే వదిలేస్తారనీ, తడి మీద వేసిన రంగు దానిష్టం వచ్చినచోటికి పోతుందనీ ఈ పిల్ల చెప్పగా విన్నవాణ్ణే కదా.

"మనిషి సంగతి వదిలెయ్యండి. ఆ మూల అస్తమయం చూడండి. బొమ్మంతా చల్లటి రంగులు, అదొక్కటే ఎరుపు. చుట్టూ ఆ వలయం చూశారా, కాగితం లోపల్నించి వెలుగుతున్నట్టు! అదీ ఒంటరితనమంటే."

"మామయ్యా, నేను సూర్యుణ్ణి వెయ్యలేదే."

"కొన్ని మనకి తెలీకుండానే వచ్చేస్తాయమ్మా" అన్నాను. బాబాయి తలూపాడు. అప్పుడే ఒక చీమ నీలం కొండ దిగి, మనిషిని తప్పించుకుని, తిన్నగా సూర్యుడి దగ్గరికెళ్లి ఆగింది. వెనకాలే ఇంకో రెండు.

అమ్మ వంగి వాసన చూసింది. "రాత్రి పులుసు దాక మూత తీసిందెవర్రా?"

చేపల పులుసు మర్నాటికే రుచి అని నెల్లూరంతా ఒప్పుకుంటుంది. ఆ మర్నాడు రాత్రి 12 దాటగానే వచ్చేస్తుందని నా లెక్క. లైటు వేస్తే అమ్మ లేస్తుందని చీకట్లోనే టేబుల్ దగ్గర నిలబడి తిన్నాను. ఒక చుక్క జారినట్టు అనిపించింది కూడా. కాగితం మీద నూనె పడితే వెలుతురు అంత బాగా పాకుతుందని నాకేం తెలుసు?

పిల్ల కోప్పడలేదు. బొమ్మ మీదకి ఇంకాస్త వంగి చూసింది.

"ఒంటరితనంలో మామిడికాయ పీచు కూడా ఉంది మామయ్యా."