గేటు ముందు పొంగింది మన వంటిల్లే

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగి, పిల్లలు స్కూలు బస్సు ఎక్కడానికి ఇటుకల మీద గెంతుకుంటూ వెళ్ళవలసి వచ్చింది. గంట తిరిగేలోపు వాట్సాప్ గ్రూపు డ్రైనేజీ సిబ్బందిని తిట్టే మెసేజీలతో నిండిపోయింది. అయితే, వచ్చిన మనిషి మూత తీసి, వెదురు బద్దలతో అరగంట కుళ్ళగించి పైకి లాగిన దానిని మాత్రం ఎవరూ ఫొటో తీసి గ్రూపులో పెట్టలేదు. అది పేరుకుపోయిన డాల్డాలాంటి బూడిదరంగు గడ్డ. గడ్డపారతో పొడిస్తే సబ్బు బిళ్ళలా తెగింది, లోపల జుట్టు, టీ పొడి, ఒక డైపరు.

నిజానికి అది సబ్బే. మనం సింకులో వంచిన నూనెలోని కొవ్వు, మురుగులోనూ సిమెంటు గొట్టంలోనూ ఉండే కాల్షియంతో కలిసి అలా గట్టిపడుతుంది. మరిగే నీళ్ళు పోసి కరిగించామని మనం సంతోషిస్తాం గానీ, ఆ నూనె వీధి గొట్టంలో చల్లబడి మళ్ళీ పేరుకుంటుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద ఇలాంటి గడ్డే 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున బయటపడింది. అక్కడివాళ్ళు వెట్ వైప్స్ పారేస్తారు, మనకా అలవాటు లేదు అనేవారు ఆదివారం బజ్జీలు వేయించిన మూకుడు ఎక్కడ వంచుతున్నారో ఒకసారి చూసుకోవాలి. చల్లారిన నూనెను పాత సీసాలో పోసి, మూకుడును న్యూస్‌పేపరుతో తుడిచి కడగడం ఏమంత బ్రహ్మవిద్య?

రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మురుగు గొట్టాల్లోకి దింపకూడదని 2013 నాటి చట్టం ఉంది; అలా దిగి ప్రాణం పోగొట్టుకున్నవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ రోజు బద్దలకు గడ్డ లొంగకపోయి ఉంటే, “ఒక్కసారి దిగి చూడు బాబూ” అనడానికి మావాళ్ళలో ఇద్దరు ముగ్గురు సిద్ధంగానే ఉన్నారు.

హైదరాబాదులో బహుళ అంతస్తుల భవనాలకు, హోటళ్ళకు సిల్ట్ చాంబర్, అంటే మడ్డీ చెత్తా వీధి గొట్టంలోకి పోకుండా ఆపే తొట్టి, ఉండాలని జలమండలి ఏళ్ళుగా చెబుతోంది. మాకూ ఒకటి ఉంది, పార్కింగు టైల్స్ కింద. మూత మీదుగానే టైల్స్ పరిస్తే ఖర్చు తగ్గుతుందని తీర్మానం చేసినప్పుడు సంతకం పెట్టినవారిలో నేనూ ఒకడిని. ఇప్పుడు వాటిని పగలగొట్టించడానికి ఫ్లాటుకు ఎనిమిది వందలు అడిగితే, గ్రూపులో అందరికంటే ఎక్కువగా తిట్టిన పెద్దమనిషే ఇంకా ఇవ్వలేదు.